పియానో కొని ఇంట్లోనే రికార్డు చేయాలంటే: ఏ నమూనా?

పియానో కొనడానికి వెళ్లినవాళ్లు దుకాణంలో తప్పక అడిగే మాట "ఇందులో రికార్డింగ్ ఉందాండీ?" అని. "ఉందండి" అన్న జవాబు ఇంచుమించు ప్రతి నమూనాకూ వస్తుంది. ఆ పరికరం దాచిపెట్టేది మీ వేళ్ల కదలికనా, గదిలో వినిపించిన ధ్వనినా అన్నది మాత్రం ఆ జవాబులో ఉండదు. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

పోటీ పరీక్షలకు చదివేవారికి ఈ విషయం ఇంకో విధంగా పనికొస్తుంది. విద్యుదయస్కాంతం, కాంతి సెన్సర్లు, శాంప్లింగ్, బిట్లు–బైట్ల లెక్క, కాపీరైట్ చట్టం అన్నీ ఈ ఒక్క వాద్యంలోనే దొరుకుతాయి. ఉదాహరణకు చోడవరంలో ఒక ఇల్లు తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఈ ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పక్కనే గోవాడ చక్కెర మిల్లు, ఎటు చూసినా చెరకు తోటలు, ఏడాదిలో ఎక్కువ నెలలు చెమట పట్టించే గాలి. పియానో ఎంపికలో ఈ గాలికీ పాత్ర ఉంది. ఎలాగో తర్వాత చూద్దాం.

కాగితపు చుట్ట నుంచి

పియానోను 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్తొఫొరి రూపొందించాడు. మీట నొక్కితే సుత్తి లేచి తీగను కొడుతుంది. ఎంత వేగంగా నొక్కితే అంత గట్టిగా పలుకుతుంది. ఈ వాద్యాన్ని మనిషి లేకుండా వాయించాలన్న కోరిక 19వ శతాబ్దం చివరికి వ్యాపారమైంది. అమెరికాలో ఎడ్విన్ వోటీ 1895లో పియానోలా తయారుచేశాడు. కాగితపు చుట్టకు రంధ్రాలు ఉంటాయి. గాలి పీడనం ఆ రంధ్రాల గుండా పనిచేసి మీటలను కదిలిస్తుంది. 1904లో జర్మనీకి చెందిన వెల్టే-మిన్యోన్ ఒక అడుగు ముందుకు వేసింది. ఏ స్వరం అన్నదే కాక, ఆ కళాకారుడు ఎంత మెల్లగా, ఎంత గట్టిగా వాయించాడన్నది కూడా చుట్టలో చేరింది. 1908లో అమెరికాలోని బఫెలోలో తయారీదారులు సమావేశమై 88 స్వరాల చుట్టను ప్రమాణంగా ఒప్పుకొన్నారు. ఆ తర్వాత రేడియో, గ్రామఫోన్ రెండూ కలిసి ఈ వ్యాపారాన్ని మూలన కూర్చోబెట్టాయి.

పరీక్షార్థి గుర్తుంచుకోవాల్సిన తేడా ఇక్కడుంది. 1877లో ఎడిసన్ తయారుచేసిన ఫోనోగ్రాఫ్ ధ్వని తరంగాన్ని గీతగా చెక్కింది. పియానో చుట్టలో ధ్వని లేదు, చేయాల్సిన పని మాత్రమే ఉంది. చుట్ట అంటే పులుసు ఎలా పెట్టాలో రాసుకున్న చీటీ, ఫోనోగ్రాఫ్ అంటే గిన్నెలో ఉన్న పులుసు. చీటీ ఉంటే రేపు ఉప్పు తగ్గించి మళ్లీ పెట్టుకోవచ్చు. గిన్నెలో కలిసిపోయిన ఉప్పును తీయలేం. నేటి డిజిటల్ రికార్డింగ్‌లోని మిడి, ఆడియో అనే రెండు దారులూ ఈ తేడా నుంచే వచ్చాయి.

తనంతట తానే వాయించే పియానో: లోపల ఏముంది?

యమహా డిస్క్‌లావియర్ అమెరికా మార్కెట్‌కు 1987లో వచ్చింది. ఇది అసలైన తీగల పియానోయే. సుత్తులు, తీగలు, చెక్క ధ్వనిఫలకం అన్నీ ఉంటాయి. అదనంగా రెండు వ్యవస్థలు కలుస్తాయి. మీటలు, సుత్తులు, పెడళ్ల కదలికను కాంతి సెన్సర్లు కొలుస్తాయి. తిరిగి వాయించేటప్పుడు ప్రతి మీట కింద ఉన్న సోలినాయిడ్, అంటే కరెంటు పారినప్పుడు అయస్కాంతంగా మారే తీగచుట్ట, మీటను కదిలిస్తుంది. రికార్డుకు కాంతి, ప్లేబ్యాక్‌కు విద్యుదయస్కాంతం. ఈ జంటను తారుమారు చేసి ప్రశ్న వేయడం చాలా సులువు, కాబట్టి జాగ్రత్త.

డిస్క్‌లావియర్‌లో 2016లో వచ్చిన ఎన్‌స్పైర్ శ్రేణిలో మూడు స్థాయులు తెలుసుకోవాలి. సీఎల్ అనేది ప్లేబ్యాక్‌కు మాత్రమే, దానిలో రికార్డింగ్ లేదు. ఎస్‌టీలో రికార్డింగ్ ఉంది. ప్రో స్థాయిలో మీట వేగాన్ని 1024 మెట్లలో, పెడల్ స్థానాన్ని 256 మెట్లలో నమోదు చేస్తారు. స్టైన్‌వే సంస్థ స్పిరియోను 2015లో తెచ్చినప్పుడు అదీ వాయించడానికే. రికార్డు చేసే స్పిరియో ఆర్ 2019లో గానీ రాలేదు. లక్షలు పోసి కొన్న పియానో రికార్డు చేయదని ఇంటికొచ్చాక తెలిస్తే ఆ ఇంట్లో జరిగే చర్చ ఊహించుకోవచ్చు.

డిస్క్‌లావియర్ సత్తా ఏమిటో 2002లో జరిగిన ఇంటర్నేషనల్ పియానో-ఇ-కాంపిటీషన్ చూపించింది. పోటీ అమెరికాలోని మినెసోటాలో జరిగింది. న్యాయనిర్ణేతల్లో ఒకరైన యెఫీమ్ బ్రాన్ఫ్‌మన్ జపాన్‌లో ఉన్నారు. అభ్యర్థుల వాయిద్యం డేటాగా వెళ్లి, అక్కడి డిస్క్‌లావియర్ మీద మీటలు కదిలి, వీడియోతో పాటు వినిపించింది. ఈ పోటీల రికార్డింగులే తర్వాత కృత్రిమ మేధ పరిశోధనకు ముడిసరుకయ్యాయి. గూగుల్‌కు చెందిన మజెంటా బృందం 2018లో మొదలుపెట్టిన మాయెస్ట్రో డేటాసెట్‌లో సుమారు 200 గంటల పియానో వాయిద్యం ఉంది. ధ్వనికీ మీటల కదలికకూ మధ్య తేడా దాదాపు 3 మిల్లీసెకన్లకు మించకుండా జత చేశారు. ధ్వని విని స్వరాలు రాసే కంప్యూటర్లకు శిక్షణ ఇవ్వడానికి ఇంత నమ్మకమైన సామగ్రి దొరకడం కష్టం. ప్రశ్నకూ, జవాబుకూ రెండింటికీ ఒకే వాద్యం సాక్ష్యం చెప్పింది కదా మరి.

మిడి: 128 మెట్లు

చుట్ట స్థానంలోకి 1983లో మిడి వచ్చింది. సీక్వెన్షియల్ సర్క్యూట్స్‌కు చెందిన డేవ్ స్మిత్, రోలాండ్ సంస్థాపకుడు ఇకుతారో కకెహాషి దీనికి ముఖ్యులు. 2013లో వీరిద్దరికీ టెక్నికల్ గ్రామీ దక్కింది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకే భాషలో మాట్లాడుకోవడం దీని ఉద్దేశం.

ఒక మీట నొక్కితే వెళ్లే సందేశం 3 బైట్లు: ఇది నొక్కడమని చెప్పే స్టేటస్, ఏ మీటో చెప్పే సంఖ్య, ఎంత వేగంగా నొక్కారో చెప్పే సంఖ్య. చివరి రెండింటికీ 7 బిట్లు వాడతారు కాబట్టి 0 నుంచి 127 వరకు 128 విలువలు వస్తాయి. నడిమి 'సీ' సంఖ్య 60. 440 హెర్ట్జ్‌ల 'ఏ' సంఖ్య 69. పియానోలోని 88 మీటలు 21 నుంచి 108 వరకు వస్తాయి. ఒక్కో అష్టకానికి సంఖ్య 12 పెరుగుతుంది, పౌనఃపున్యం రెట్టింపవుతుంది.

వేగం లెక్క కూడా పరీక్షకు మంచి సరుకు. పాత మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు పోతాయి. మొదలు, ముగింపు బిట్లు కలిపి ఒక్కో బైట్‌కు 10 బిట్లు. అంటే 3 బైట్లకు 30 బిట్లు, సుమారు 1 మిల్లీసెకను. పది వేళ్లూ ఒకేసారి పడితే చివరి స్వరం దాదాపు 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నేటి యూఎస్‌బీ కనెక్షన్‌లో ఈ ఇరుకు లేదు.

2020 జనవరిలో ఆమోదం పొందిన మిడి 2.0లో వేగాన్ని 16 బిట్లలో, అంటే 65,536 మెట్లలో చెప్పవచ్చు. అయితే కొత్త ప్రమాణం ఉన్నంత మాత్రాన మీ పియానోలోని సెన్సర్ అన్ని మెట్లను కొలుస్తుందని కాదు. దుకాణంలో ఈ మాట మీద పడిపోవద్దు.

ధ్వనిని దాచుకుంటే

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఒక తరంగాన్ని సరిగ్గా తిరిగి నిర్మించాలంటే దాని గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు శాంపిల్ తీయాలి, అంటే ఆ క్షణపు విలువను కొలిచి రాసుకోవాలి. సీడీకి సెకనుకు 44,100 శాంపిళ్లు ఎంచుకోవడంలో ఈ నియమం ఉంది. పియానోలో అన్నిటికంటే పైమీట 4,186 హెర్ట్జ్‌లే కదా, అంత ఎందుకు అనిపించవచ్చు. ప్రతి స్వరంతోపాటు దాని అనుస్వరాలు ఇంకా పైకి వెళ్తాయి. వాటిని కోసేస్తే పియానో పియానోలా వినిపించదు. 16 బిట్లు అంటే సుమారు 96 డెసిబెల్‌ల పరిధి.

పరిమాణం లెక్క వేద్దాం. 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 2 బైట్లు, రెండు చానళ్లు కలిపి సెకనుకు 1,76,400 బైట్లు. 5 నిమిషాల వాయిద్యం దాదాపు 53 మెగాబైట్లు అవుతుంది. అందులో 3,000 స్వరాలు ఉన్నాయనుకుంటే, అదే వాయిద్యం మిడిలో పాతిక ముప్పై కిలోబైట్లకు మించదు. వెయ్యి రెట్ల పైచిలుకు తేడా. మిడి ఫైలు చిన్నదై ఉండటానికి కారణం ఏదో కుదింపు పద్ధతి కాదు, అందులో ధ్వనే లేదు.

నమూనాల దగ్గరికి వద్దాం

యమహా పీ-145, పీ-225 రెండూ 2023లో వచ్చాయి. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, రెండింటికీ బరువుతో కూడిన 88 మీటలు, రెండూ 11 కిలోల చుట్టుపక్కలే. రికార్డింగ్ దగ్గర మాత్రం దారులు వేరు. పీ-145లో సొంత రికార్డర్ లేదు. యూఎస్‌బీ ద్వారా మిడి మాత్రమే కంప్యూటర్‌కు వెళ్తుంది. ధ్వని కావాలంటే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి, ధ్వనిని డిజిటల్‌గా మార్చి కంప్యూటర్‌కు అందించే పెట్టె అయిన ఆడియో ఇంటర్‌ఫేస్‌కు తీగ వేయాలి. పీ-225లో అదే యూఎస్‌బీ తీగ మీదుగా మిడితో పాటు ధ్వనీ డిజిటల్‌గా వెళ్తుంది. మధ్యలో ఇంకో పెట్టె అక్కర్లేదు. పాలిఫనీ, అంటే ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య, మొదటిదానికి 64, రెండోదానికి 192. పెడల్ తొక్కి ఉంచి పొడవైన అర్పెజియోలు, అంటే ఒక్కో స్వరంగా విడదీసిన స్వరసమూహాలు, వాయిస్తే 64 అయిపోవచ్చు, అప్పుడు పాత స్వరాలు తెగిపోతాయి. ఇది రికార్డింగ్‌లోనే స్పష్టంగా దొరికిపోతుంది.

క్యాసియో పీఎక్స్-ఎస్1100కూ పాలిఫనీ 192. సొంత రికార్డర్ ఉంది, ఎడమ కుడి లైన్ అవుట్‌పుట్‌లు విడిగా ఉన్నాయి. ఇంట్లో ఇప్పటికే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నవారికి ఇది అనుకూలం. లేనివారికి పీ-225 ఖర్చు తగ్గిస్తుంది.

నా లెక్కలో చోడవరం ఇంటికి డిస్క్‌లావియర్ అక్కర్లేదు. అది చేసే ఒక పని మాత్రం ఏ డిజిటల్ పియానో చేయలేదు. పగలు తీరిక ఉన్నప్పుడు వాయించి కదలికను నమోదు చేసుకుంటారు. తప్పులు దిద్దుతారు. రోడ్డు మీద ఆటోలు ఆగిపోయిన అర్ధరాత్రి ఫ్యాన్లు కట్టేసి, మైకులు పెట్టి, గదిలోంచి బయటికి వచ్చేస్తారు. తీగలు నిజంగా మోగుతాయి, కుర్చీ కిర్రుమనదు, ఊపిరి వినిపించదు. స్టూడియోలకూ సంగీత కళాశాలలకూ దీని విలువ ఇదే. పక్కింటివాళ్ల నిద్ర సంగతి వేరు.

డిజిటల్ పియానోలోనూ దీని చిన్న రూపం ఉంది. మిడిని దాచి ఉంచుకుంటే, తర్వాత కంప్యూటర్‌లోని మెరుగైన పియానో శాంపిళ్లతో, అంటే ముందే రికార్డు చేసి ఉంచిన స్వరాలతో, అదే వాయిద్యాన్ని మళ్లీ పలికించవచ్చు. అందుకే ధ్వని ఒక్కటే కాక మిడినీ ఎప్పుడూ దాచుకోవాలి. రికార్డు చేసేటప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు. మీట నొక్కిన తర్వాత స్వరం వినపడటానికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. తాళం తప్పినట్టు అనిపించి వేళ్లు తడబడతాయి. తీగ హెడ్‌ఫోన్ చాలు.

గాలి, కరెంటు

తీగల పియానోలో 230 దాకా తీగలు, వాటి మొత్తం బిగువు పదిహేను ఇరవై టన్నులు. ఈ భారమంతా ఇనుప చట్రం మోస్తుంది, ధ్వని ఇచ్చేది మాత్రం పలుచని చెక్క ఫలకం. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, శ్రుతి పైకి పోతుంది. పొడి రోజుల్లో కిందికి దిగుతుంది. బొబ్బిలి వీణకు పనస చెక్క వాడే మన ప్రాంతపు కళాకారులకు చెక్క స్వభావం కొత్త కాదు, కానీ వీణ శ్రుతి వాయించేవారే సరిచేసుకుంటారు. పియానోకు ట్యూనర్ రావాలి. డిజిటల్ పియానోకు ఈ బాధ లేదు. లోపలి సర్క్యూట్లకు తేమ మంచిది కాదు కాబట్టి గుడ్డ కప్పి ఉంచడం, గోడకు ఆనించకపోవడం చాలు.

కరెంటు పోతే లెక్క తిరగబడుతుంది. బ్యాటరీతో నడవని డిజిటల్ పియానో మూగబోతుంది, డిస్క్‌లావియర్ మాత్రం మామూలు పియానోగా మోగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకాక కరెంటు కోసం ఎదురుచూసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. రికార్డింగ్ మధ్యలో ఇన్వర్టర్ గుంయ్‌మనే శబ్దం లైన్ తీగలోకి చేరుతుంది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపిస్తే చాలావరకు తగ్గుతుంది.

గమకం దగ్గర

వయొలిన్ విదేశీ వాద్యమే. అయినా బాలుస్వామి దీక్షితుల నాటి నుంచి కర్ణాటక సంగీతంలో ఇమిడిపోయింది, విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతుల్లో తెలుగువారిది అయిపోయింది. పియానోకు ఆ భాగ్యం లేకపోవడానికి కారణం యాంత్రికమే. అష్టకాన్ని 12 మెట్లుగా బిగించేశారు, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జారే దారి లేదు.

కీబోర్డులో ఆ దారి పిచ్ బెండ్ చక్రం. మిడిలో దీనికి 14 బిట్లు, అంటే 16,384 మెట్లు. కానీ పాత మిడిలో ఈ వంపు చానల్‌లోని అన్ని స్వరాలకూ ఒకేసారి పడుతుంది. కుడిచేత్తో గమకం వేస్తే ఎడమచేతి శ్రుతి కూడా జారిపోతుంది. మిడి 2.0లో ఒక్కో స్వరాన్ని విడిగా వంచే వీలు ఇచ్చారు. పీ-145, పీ-225లలో ఈ చక్రమే లేదు. సినిమా పాటలు, లలిత సంగీతం, చర్చి పాటలు ప్రధానమైతే, భారత మార్కెట్ కోసం యమహా తెచ్చిన 61 మీటల పీఎస్ఆర్-ఐ500 లాంటి కీబోర్డు ఎక్కువ పనికొస్తుంది. పియానో అన్న మాటకు మోజుపడి బరువు మీటలు కొని, ఆ తర్వాత గమకం పలకలేదని బాధపడేవారు తక్కువేం కాదు.

మద్రాసు స్టూడియోల్లో 1980లలో సినిమా పాటను మలుపు తిప్పినవి ఇలాంటి కీబోర్డులే. సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్, తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యారు. తెలుగులో 'డాన్స్ మాస్టర్'గా వచ్చిన, ఇళయరాజా సంగీతం అందించిన చిత్రం 'పున్నగై మన్నన్' (1986)ను స్వరాల వరుసను దాచి తిరిగి వాయించే కంప్యూటర్ సీక్వెన్సర్ వాడిన తొలి భారతీయ చిత్రాల్లో ఒకటిగా చెబుతారు.

గ్రేడ్ పరీక్షకు రికార్డు చేసేవారికి

లండన్‌కు చెందిన సంగీత పరీక్షల సంస్థ ఏబీఆర్ఎస్ఎం 2020లో పెర్ఫార్మెన్స్ గ్రేడ్లు ప్రవేశపెట్టింది. ఇంట్లోనే వీడియో తీసి పంపవచ్చు. నాలుగు రచనలకు 30 చొప్పున 120, మొత్తం ప్రదర్శనకు 30, కలిపి 150 మార్కులు. ఉత్తీర్ణతకు 100, మెరిట్‌కు 120, డిస్టింక్షన్‌కు 130. వీడియో ఒకే విడతలో, కత్తిరింపు లేకుండా ఉండాలి. అంటే మిడిలో తప్పులు దిద్దే సౌకర్యం ఇక్కడ పనికిరాదు. ఈ అవసరానికే కొనేవారు రికార్డర్ గురించి కాక, బరువు మీటలు, సరైన సస్టెయిన్ పెడల్ గురించి అడగాలి. ఆరో గ్రేడుకు వెళ్లాలంటే ఐదో గ్రేడు థియరీ ముందే పూర్తి కావాలన్న నిబంధన చాలామంది ఆలస్యంగా చూస్తారు.

చుట్ట మీద తీర్పు, మన చట్టం

1908లో అమెరికా సుప్రీంకోర్టు వైట్-స్మిత్ వర్సెస్ అపోలో కేసులో పియానో చుట్ట పాటకు 'నకలు' కాదని తేల్చింది. మనిషి కంటితో చదవలేడు కాబట్టి అది యంత్రంలో భాగమే అన్నది వాదన. మరుసటి ఏడు 1909 చట్టంతో అమెరికా కాంగ్రెస్ దీన్ని సరిచేసి, యాంత్రిక నకళ్లకు తప్పనిసరి లైసెన్సు, రాయల్టీ తెచ్చింది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, అమలు 1958 జనవరి 21 నుంచి. ఒక సినిమా పాటలో సాహిత్యం, స్వరరచన, రికార్డింగ్ మూడూ వేర్వేరు హక్కులు. సంగీత రచన నిర్వచనంలో మాటలు చేరవు. 1962 నాటి 'ఆరాధన'లో అక్కినేని పియానో ముందు కూర్చుని పాడే పాటనే తీసుకోండి. రాసింది విశాఖలో పుట్టిన శ్రీశ్రీ, మరణం 1983లో. సాహిత్యానికి రచయిత మరణానంతరం 60 ఏళ్లు, అంటే 2043 చివరి వరకు రక్షణ. స్వరకర్త సాలూరి రాజేశ్వరరావు మరణం 1999లో, కాబట్టి స్వరరచనకు 2059 చివరి వరకు. రికార్డింగ్‌కు మాత్రం విడుదలైన మరుసటి ఏడు నుంచి 60 ఏళ్లు, అది 2022తో ముగిసింది. పాత రికార్డింగ్ స్వేచ్ఛ పొందినా, అదే బాణీని మీ పియానో మీద వాయించి అందరికీ పెడితే స్వరకర్త హక్కు ఇంకా ఉంది. ఇంట్లో సొంత వినియోగానికి సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 31సీ కవర్ వెర్షన్లకు సంబంధించినది. తొలి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక 5 ఏళ్లు గడవాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ చెల్లించాలి.

మాదిరి ప్రశ్నలు

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒక చానల్ రికార్డింగ్ ఒక నిమిషానికి ఎంత? 24 బిట్లు అంటే 3 బైట్లు. 48,000 × 3 × 60 = 86,40,000 బైట్లు, సుమారు 8.64 మెగాబైట్లు.

మిడి సంఖ్య 57 పౌనఃపున్యం ఎంత? 69 కంటే 12 తక్కువ, అంటే ఒక అష్టకం కింద. 440లో సగం, 220 హెర్ట్జ్.

"డిస్క్‌లావియర్ రికార్డింగ్‌కు మైకు వాడుతుంది, ప్లేబ్యాక్‌కు సోలినాయిడ్ వాడుతుంది." ఇందులో రెండో భాగం మాత్రమే సరైనది.

ఒక వాయిద్యం మిడి ఫైలు 28 కిలోబైట్లు, వేవ్ ఫైలు (కుదించని ధ్వని) 53 మెగాబైట్లు. మిడిని వేవ్‌గా మార్చితే మొదట గదిలో మోగిన ధ్వనే తిరిగి వస్తుందా? రాదు. మార్చే కంప్యూటర్‌లో ఏ పియానో శాంపిళ్లు ఉంటే ఆ పియానో మోగుతుంది. గది ప్రతిధ్వని, ఆ రోజు శ్రుతి మిడిలో నమోదు కాలేదు.